కుంభకము - విశ్రాంతి

ఖరగ్‌పూరు రైలు పట్టణములోని ఇందాలో ఒక కార్మికుడున్నాడనుకొనుడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఆ పట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. ఇతడును అట్టి యింటివాడే. వర్కుషాపు పని ముగించుకొని వచ్చి, రాత్రివేళ గడియారము నెదుట నుంచుకొని కుంభకము పట్టును. మొదట ఒక నిమిషము, కొన్నాళ్లకు రెండు. ఆపై అంకె కదలదు. అతడు సాధనను ఇనుమడింపజేయును; అంకె వెనుకకు పోవును. నిద్ర చెడును. భార్య పలుకరించిన విసుగుకొనును. తనకు పట్టుదల చాలలేదని తన్ను తానే నిందించుకొనును. లోపించినది పట్టుదలయేనా?

ఊపిరి బిగబట్టి నీట మునుగువారి విద్య నేడు మిక్కిలి పెరిగినది. 2009లో ఫ్రాన్సు దేశీయుడగు స్తెఫాన్ మిఫ్సుద్ నీటిలో నిశ్చలముగా నుండి 11 నిమిషముల 35 సెకనులు శ్వాస నిలిపెను. ఆ విద్య నెరిగినవారు విశ్రాంతి దినములను సాధనలో భాగముగానే యెంతురు. ఊపిరి తీయవలెనను ఆరాటము ప్రధానముగా ప్రాణవాయువు తరుగుటవలన గాక, రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరుగుటవలన కలుగును. ఆ ఆరాటమును ఓర్చుకొనుట అభ్యాసముచే అలవడును గాని, దేహము పడు శ్రమ మాత్రము తప్పదు. ఆ శ్రమనుండి తేరుకొనునపుడే బలము చేకూరును. తేరుకొననీయక మరల మరల బిగబట్టువానికి, ఉదయము లేచునప్పటికే నాడి వడిగా కొట్టుకొనవచ్చును. అభ్యాసమనిన ఏవగింపు పుట్టవచ్చును. అంకె పెంచుకొనుటకై ముందుగా గబగబ శ్వాసించుట మరియు ప్రమాదము. బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, హెచ్చరిక అందకమునుపే స్పృహ తప్పును. నీటిలో ఒంటరిగా నున్నవానికి అది ప్రాణాంతకము.

ప్రాణమును సింహమును, ఏనుగును, పులిని వలె మెల్లమెల్లగా మచ్చిక చేయవలెననియు, కానిచో అది సాధకునే చంపుననియు స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో హెచ్చరించెను. గీత ఆరవ అధ్యాయము, అతిగా నిద్రించువానితోపాటు అతిగా మేల్కొనువానికిని యోగము సిద్ధింపదన్నది. మొదటి మాట అందరికిని రుచించును. రెండవదానిని సాధకులు తరచు దాటిపోవుదురు. అతి తపస్సు వేషమున వచ్చును గదా!

అయినచో విశ్రాంతికిని సోమరితనమునకును భేద మెట్లు తెలియును? సోమరికి సాధన తప్పిన దినము హాయి. ఇందా కార్మికునికో, ఆ దినము భయము: తాను తక్కువవాడైపోవుదునని. ఆ భయమునకు కారణము శ్వాస కాదు, అంకె. అంకెను పట్టుకొన్నవాడు శ్వాసను నిలిపినను మనస్సును నిలుపలేదు. అది గడియారపు ముల్లుతో పరుగెత్తుచునే యుండును.

అతడు వారముపాటు కుంభకము మానవలెను. కూర్చుండుట మానవలసిన పనిలేదు. సహజముగా వచ్చిపోవు ఊపిరిని ఊరక చూచుచుండవచ్చును. గడియారమును మాత్రము భార్య చేతి కిచ్చుట మేలు.