చెప్పినంత మాత్రాన బాధ్యత తీరునా?



గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించిన పటం ఆరోగ్య కేంద్రం గోడమీద మీరు చూసే ఉంటారు. 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి పరీక్ష జరగాలని కేంద్ర ప్రభుత్వం 2016లో సూచించింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30-49 ఏళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఎన్నడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరైనా లేరు. "చెప్పవలసింది చెప్పాం, ఇక వారి ఇష్టం" అంటే సరిపోతుందా?

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మురికివాడలలో ఒక అధ్యయనం ప్రారంభించారు. సుమారు 1,50,000 మంది స్త్రీలను రెండు వర్గాలు చేశారు. ఇరువర్గాలకూ ఈ వ్యాధి గురించి బోధించారు. ఒక వర్గానికి మాత్రం, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి వెనిగర్ పూసి పరీక్ష కూడా చేశారు. తేడా ఉన్నచోట తెల్లని మచ్చ కనిపిస్తుంది. 2014లో వెలువడిన ఫలితాలలో, పరీక్ష అందిన వర్గంలో ఈ వ్యాధి మరణాలు 31 శాతం తక్కువ. రెండవ వర్గాన్ని కేవలం బోధతో సరిపెట్టడం న్యాయమేనా అని కొందరు వైద్యులు ప్రశ్నించారు.

ఆ ప్రశ్న మన ఇళ్ళకూ వర్తిస్తుంది.

అజ్ఞానం రెండు విధాలని తత్త్వశాస్త్రం చెబుతుంది. తెలుసుకునే వీలులేనిది ఒకటి, వీలుండీ తెలుసుకోనిది మరొకటి. మొదటిదానికి దోషం లేదు. పటం చూశాక ఆ సాకు పోయింది. అయితే దోషమంతా ఆ తల్లిదేనా? ఆమెను ఆపుతున్నది తెలియకపోవడం కాదు. సిగ్గు, పోయే ఒకరోజు కూలి, "ఏ జబ్బూ లేకుండా ఆసుపత్రి ఎందుకు?" అనే ఇంటివారి మాట. వీటిని గోడమీది పటం తొలగించలేదు. మనం తొలగించగలం.

బలవంతం చేయమనడం లేదు. నిర్ణయం ఆమెదే. కాని చేతిలో బస్సు ఛార్జీ లేక, వెంట తోడులేక ఆగిపోయిన మనిషి స్వేచ్ఛగా నిర్ణయించుకున్నదని ఎలా అనగలం?

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుంపులో చాటుగా వచ్చిందని మార్కు సువార్త చెబుతుంది. ప్రభువు ఆమెను సిగ్గుపరచలేదు, కుమార్తె అని పిలిచారు.

అత్తగార్లారా, ఆ ఒక్కరోజు మనవలను మీరు చూసుకోండి. భర్తలారా, ఈ ఆదివారం పూజ ముగిశాక మీ భార్యతో "వెళ్ళు" అనకండి, "ఎప్పుడు వెళ్దాం?" అని అడగండి.