దాసోహము చేయు భాగ్యము అందరిదీ



మన బర్కత్‌పురలో భవిష్యనిధి భవనము కలదు. నెలనెలా జీతము నుండి కొంత, యజమాని వాటాగా కొంత, కార్మికుని పేర అచటి లెక్కలలో జమ యగుచుండును. ఆ లెక్కలో పేరుండుట యనగా, ఇతని శ్రమకు విలువ కలదని లోకము అంగీకరించుట. అక్కడికి సమీపముననే చిక్కడపల్లి గ్రంథాలయమును, అశోక్‌నగర్ వీధులును ఉన్నవి. అచట వేలాది యువకులు ఉద్యోగ పరీక్షలకై రాత్రింబవళ్లు చదువుచుందురు. ఈ రెంటి నడుమనున్న ఇండ్లలోనే అక్షరములు లొంగక, లెక్కలు పట్టుపడక, బడి మధ్యలో విడిచి ఇంట కూర్చున్న బిడ్డలును ఉన్నారు. వారి పేరు ఏ లెక్కలో వ్రాయుదుము?

ఈ బిడ్డలందరును ఒక్క తీరువారు కారు. కొందరికి బుద్ధి చురుకే. చదువుట, వ్రాయుట మాత్రమే కష్టము. కొందరికి ఏ విషయమైనను నిదానముగా అబ్బును. మనము అందరిని ఒక్కగాట కట్టి "వీనికేమియు రాదు" అనుచున్నాము. తల్లిదండ్రులు ప్రేమతోనే ఇంట ఉంచుదురు. చుట్టములు జాలితో పండుగకు బట్టలు పెట్టుదురు. అన్నవస్త్రములకు లోటు లేదు. అయినను "మా తరువాత వీనికెవరు?" అను చింత ఆ తల్లిని నిద్రపోనీయదు.

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడు కాయకమును దాసోహమును జంటగా బోధించెను. తన చెమటతో ఆర్జించినదే జంగమునకును సమాజమునకును అర్పింపదగినది. కాగా ఒకనికి కాయకమే ఈయకున్న ఏమగును? అతడు జీవితాంతము దాసోహమును స్వీకరించువాడే యగును గాని చేయువాడు కాజాలడు. మనము అన్నము పెట్టుచునే, పెట్టు భాగ్యమును అతని నుండి తీసికొనుచున్నాము. ఇది దయవలె కనబడు అన్యాయము.

నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి జీవించెను. ఏరుటకంటె చిన్న పని ఏది? ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ బియ్యమును మరల అక్కడనే పోసి రమ్మనెను. శరణులు పనిని వేగముతో కొలువలేదు, శుద్ధితో కొలిచిరి. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తులకు పెద్దపీట వేసెను. గొడగూచి తెచ్చిన పాలు త్రాగుటకు ముందు శివుడు ఆ బాలికను శాస్త్రము అడిగెనా?

"సరే, పని ఎట్లు నేర్పుదుము?" అని మీరడుగవచ్చును. పుస్తకముల బైండింగునే తీసికొనుడు. కాగితములు సరిచేయుట, మడతపెట్టుట, కుట్టుట, జిగురు పూయుట: ఇట్లు పనిని మెట్లుగా విడదీసి, మొదట ఒక్క మెట్టే నేర్పవలెను. నోటితో చెప్పుటకన్న చేతితో చూపుట మేలు; వరుస తెలుపు బొమ్మలను గోడకు అంటించిన ఇంకను మేలు. ప్రతిదినము ఒకే మనిషి ప్రక్కనుండి నేర్పి, చేయి కుదిరినకొలది తాను వెనుకకు తగ్గవలెను. ఒకచోట నేర్చినదానిని వేరొకచోట వాడుట పెక్కుమందికి కష్టము. కనుక పని చేయు చోటనే నేర్పుట ఉత్తమము. నెల తిరుగగనే జీతము అతని చేతికే ఈయవలెను.

ఈ మార్గమున మనము ఒంటరులము కాము. బౌద్ధిక వైకల్యము గలవారి కొరకు 1984లో మన సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లోనే జాతీయ సంస్థ వెలసినది. 1995 నాటి చట్టము వీరికి ఉద్యోగములలో వాటా ఈయలేదు. 2016 చట్టము అభ్యసన వైకల్యమును గుర్తించి, వికలాంగులకు కేటాయించిన 4 శాతము ప్రభుత్వోద్యోగములలో 1 శాతమును బౌద్ధిక, అభ్యసన, మానసిక వైకల్యములు, ఆటిజం మున్నగునవి గలవారికి ఉంచినది. అదియు 40 శాతమునకు తక్కువ కాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము గలవారికే. మిగిలినవారికి తలుపు తీయవలసినది దుకాణము, ప్రెస్సు, హోటలు నడుపు మనమే.

రాబోవు బసవ జయంతి నాటికి ఒక్కొక్క యజమాని ఒక్కొక్క బిడ్డకు ఒక్క పని చూపుడు. ఆ బిడ్డ తన తొలి జీతము నుండి ఒక్క రూపాయి దాసోహమునకు సమర్పించిన నాడు, ఆ తల్లి ముఖమును చూడుడు. ఆనాడు మనము చేసినది నిజమైన లింగపూజ యగును.