గడువున్న ఉద్యోగం – గడువు లేని బాధ్యత



జీవనోపాధి కోసం దూరదేశాలకు వెళ్ళడాన్ని ఇస్లాం తప్పుపట్టలేదు. జుముఆ నమాజు పూర్తయ్యాక భూమిలో విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని దివ్య ఖుర్ఆన్ (62:10) ఆదేశిస్తోంది. ముజ్జమ్మిల్ సూరా చివరి ఆయత్‌లో రాత్రి నమాజు విషయంలో సడలింపు ఇస్తూ, రోగులతోపాటు, అల్లాహ్ మార్గంలో పోరాడేవారితోపాటు, ఉపాధి కోసం ప్రయాణం చేసేవారిని కూడా అల్లాహ్ ప్రస్తావించాడు. కనుక హలాల్ సంపాదన కోసం విమానం ఎక్కే సోదరుణ్ణి ప్రపంచ వ్యామోహంలో పడ్డాడని నిందించే హక్కు ఎవరికీ లేదు.

అయితే ధర్మసమ్మతమైన ప్రతి పనీ ప్రతి ఒక్కరికీ, ప్రతి సమయంలోనూ మేలు చేయదు. తూచి చూసుకోవాలి. దేనితో తూచాలన్నదే ఇక్కడ మనం చెప్పుకోబోయే విషయం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుమార్గం మీద ఉన్న మూడు ఊళ్ళు. ఈ ఊళ్ళ ముస్లిం ఇళ్ళ నుండి ఆలిముల దగ్గరకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "రెండేళ్ళ కాంట్రాక్టు వచ్చింది హజ్రత్. వెళ్ళమంటారా? భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్ళాలా, ఇక్కడే ఉంచాలా?" ధర్మవరంలో పట్టుమగ్గం మీద బతికే ఇంట్లో నూలు ధర పెరిగి, చీర ధర పెరగని రోజుల్లో ఈ ప్రశ్న పుడుతుంది. హిందూపురంలో బెంగళూరు దాకా వెళ్ళి పనిచేసినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలనప్పుడు పుడుతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. ఆ కర్మాగారం కోసం కొరియా ఇంజనీర్లు తమ దేశం విడిచి మన ప్రాంతానికి వచ్చారు. అక్కడ పని నేర్చుకున్న మన యువకులు కూడా విదేశాల వైపు చూస్తున్నారు. ఊరు ఏదైనా, పని ఏదైనా, తూచవలసిన విధానం ఒక్కటే.

మద్‌యన్‌లో కుదిరిన ఒప్పందం

పరాయి దేశంలో గడువు పెట్టుకొని పనిచేసిన వారిలో ఒక గొప్ప ప్రవక్త ఉన్నారు. ఆయన హజ్రత్ మూసా (అలై). ఖసస్ సూరాలో (28:22-29) ఈ వృత్తాంతం ఉంది. ఫిరౌన్ మనుషుల నుండి ప్రాణాలు కాపాడుకొని ఆయన మద్‌యన్ చేరుకున్నారు. చేతిలో డబ్బు లేదు, తెలిసినవారు లేరు. బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు తోడిపెట్టి, నీడలో కూర్చొని, తనకు ఏ మేలు ప్రసాదించినా దాని అవసరం ఉన్నవాడినని అల్లాహ్‌ను వేడుకున్నారు. తర్వాత ఆ యువతుల తండ్రి ఆయనను ఇంటికి పిలిపించారు. బలమూ నమ్మకమూ రెండూ ఉన్న ఈ మనిషిని పనిలో పెట్టుకోమని ఆ కుమార్తెలలో ఒకరు తండ్రికి సలహా ఇచ్చారు.

ఇక ఆ ఒప్పందాన్ని గమనించండి. గడువు ఎనిమిదేళ్ళని మొదటే తేల్చారు. పదేళ్ళు చేస్తే అది మూసా (అలై) ఇష్టం, బలవంతం లేదు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని యజమాని ముందే చెప్పారు. రెండు గడువుల్లో దేనిని పూర్తిచేసినా తన మీద ఒత్తిడి ఉండకూడదని మూసా (అలై) స్పష్టం చేశారు. ఇద్దరూ అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఆయన రెండింటిలో ఎక్కువదైన గడువునే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలియజేసినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

గడువు తీరాక ఏం జరిగింది? కుటుంబాన్ని వెంటబెట్టుకొని బయలుదేరారు. దారిలో తూర్ కొండ వైపు నిప్పు కనిపించినప్పుడు, మీరు చలి కాచుకోవడానికి నిప్పుకణిక తెస్తానని ఇంటివారికి చెప్పి వెళ్ళారు. ఆ ప్రయాణంలోనే ఆయనకు ప్రవక్త పదవి లభించింది. పదేళ్ళ చాకిరీలో దొరకనంత గొప్ప వరం, గడువు ముగించి ఇంటివారితో బయలుదేరిన దారిలో దొరికింది!

ఈ వృత్తాంతం నుండి మన కొలబద్ద దొరుకుతోంది. పని ఏమిటో తెలిసి ఉండాలి. గడువు తేలి ఉండాలి. పొడిగించాలా వద్దా అన్నది మన చేతిలో ఉండాలి. గడువు తీరిన రోజున కుటుంబం చెక్కుచెదరకుండా మనతో ఉండాలి. ఈ నాలుగింటిలో చివరిది లేకపోతే మొదటి మూడూ ఉన్నా నష్టమే.

ముందుగా అడగవలసింది ఇంట్లోనే

మన ఇళ్ళలో సాధారణంగా ఏం జరుగుతోంది? ఏజెంటుతో మాట్లాడతారు, స్నేహితునితో మాట్లాడతారు, పాస్‌పోర్టు ఇచ్చేస్తారు. అన్నీ అయ్యాక భార్యకు కబురు చెబుతారు. దీనిని మష్వరా అనరు. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని షూరా సూరా (42:38) తెలుపుతోంది. పసిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులిద్దరి అంగీకారాన్నీ సంప్రదింపునూ ఖుర్ఆన్ (2:233) ప్రస్తావించింది. పాలు మాన్పించడానికే ఇద్దరి మాట అవసరమైతే, రెండేళ్ళు ఇల్లు మారడానికి, లేదా రెండేళ్ళు వేరుగా ఉండడానికి అవసరం కాదా?

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక రాత్రి, భర్త సైన్యంలో దూరంగా ఉన్న ఒక స్త్రీ ఒంటరితనంతో బాధపడటం విన్నారు. భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు. ఆమె చెప్పిన జవాబు కొన్ని ఉల్లేఖనాల్లో నాలుగు నెలలని, కొన్నింటిలో ఆరు నెలలని ఉంది. దానిని బట్టి సైనికులను ఇంటికి పంపే గడువును ఆయన నిర్ణయించారు. అంతటి ఖలీఫా ఒక స్త్రీ బాధను రాజ్య వ్యవహారంగా భావించారు. మనం మాత్రం రెండేళ్ళకోసారి నెల రోజుల సెలవును గొప్పగా చెప్పుకుంటున్నాం. కనుక కుటుంబాన్ని తీసుకువెళ్ళే అవకాశం ఉంటే దానికే మొదటి స్థానం ఇవ్వాలి. అవకాశం లేనప్పుడు భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఒంటరిగా బయలుదేరాలి. తలవంచుకొని ఊరుకోవడాన్ని ఒప్పుకోవడంగా లెక్కించకండి.

మరో విషయం. ప్రయాణ ఖర్చులకు ముందుగా చేయి పడేది ఆమె నగల మీదే. మహర్ ఆమె సొంత హక్కు అనీ, ఆమె ఇష్టపూర్వకంగా ఇచ్చినదే భర్తకు హలాల్ అనీ నిసా సూరా (4:4) స్పష్టం చేసింది. ఆ నగలు తాకట్టు పెట్టి వడ్డీకి డబ్బు తెచ్చి హలాల్ సంపాదనకు బయలుదేరడం, మురికినీళ్ళతో వుజూ చేసినట్లుంటుంది.

లెక్క కాగితం మీద వేయండి

అప్పు ఇచ్చిపుచ్చుకునే వ్యవహారాన్ని రాసుకోమని ఆదేశించిన ఆయత్ (2:282) ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. వ్యవహారాన్ని రాసుకోవడానికి అల్లాహ్ ఇచ్చిన ప్రాధాన్యం అది. జీతం ఎంత అని అడగడంతో లెక్క పూర్తికాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సౌదీ అరేబియాలో 2017 జులైలో విదేశీ ఉద్యోగుల మీద ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలైంది. అది ఏటా పెరిగి 2020 జులైలో 400 రియాళ్ళయింది. 4,000 రియాళ్ళ జీతగాడు భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకువెళ్ళాడనుకుందాం. ఆ రేటు ప్రకారం ఈ ఒక్క రుసుమే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు. ఇంకా ఇంటి అద్దె, స్కూలు ఫీజు, వైద్యం, విమాన టిక్కెట్లు మిగిలే ఉన్నాయి. కువైట్ 2024 జనవరిలో కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు కనీసం 800 దినార్ల జీతం ఉండాలని షరతు పెట్టింది. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి. అందుకే కుటుంబ వీసా, రుసుము, ఇల్లు, టిక్కెట్లు, వీటిలో కంపెనీ భరించేది ఏది, మనం భరించేది ఏది అన్నది సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. "అక్కడికి వచ్చాక చూద్దాం" అనే మాటను ఒప్పందంగా నమ్మకండి.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళాలంటే భారత ప్రభుత్వ అనుమతి కావాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. మించి సేవారుసుము తీసుకోరాదు. లక్షల్లో అడిగేవాడికి దూరంగా ఉండండి. విజిట్ వీసా మీదో, ఆజాద్ వీసా మీదో పంపి, అక్కడ పని దొరుకుతుందని చెప్పేవాడి మాట విని భార్యాపిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళడం, వారిని అగాధం అంచున నిలబెట్టడమే. ఒంటెను ముందు కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) ఉపదేశించారు కదా!

చేయబోయే పని హలాలా కాదా అన్నది కూడా ఈ లెక్కలోనే ఉండాలి. మద్యం వడ్డించే చోట, వడ్డీ లెక్కలు రాసే చోట జీతం ఎంత ఎక్కువైనా అది మన ఇంటికి శుభాన్ని తీసుకురాదు.

పిల్లలు, తల్లిదండ్రులు

ప్రతి ఒక్కరూ కాపరులే, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పిల్లలు ఆరు, ఏడు తరగతుల్లో ఉంటే రెండేళ్ళ తర్వాత వారు ఏ తరగతిలోకి, ఏ సిలబస్‌లోకి, ఏ మాధ్యమంలోకి తిరిగి వస్తారో ఇప్పుడే ఆలోచించాలి. గల్ఫ్ నగరాల్లో సి.బి.ఎస్.ఇ. పాఠశాలలు ఉన్నాయి. అక్కడ చేర్చితే, తిరిగి వచ్చాక ఇక్కడ కూడా అదే సిలబస్ పాఠశాల అందుబాటులో ఉందో లేదో చూసుకోండి. తెలుగు చదవడం, రాయడం ఇంట్లోనే నేర్పండి. టి.సి.లు, మార్కుల పత్రాలు జాగ్రత్త చేసుకోండి. పదో తరగతి మధ్యలో పిల్లవాణ్ణి కదిలించడం కంటే ఒక ఏడాది ఆగడం మేలు.

ఇక తల్లిదండ్రులు. యుద్ధానికి అనుమతి కోరిన ఒక వ్యక్తిని, నీ తల్లిదండ్రులు జీవించి ఉన్నారా అని దైవప్రవక్త (స) అడిగారు. ఉన్నారని చెప్పగా, వారి సేవలోనే శ్రమించమని ఆయనను పంపివేశారు. జిహాద్ విషయంలోనే ఇలా ఉంటే, ఉద్యోగం విషయంలో ఎలా ఉండాలి? పెనుకొండలోనో ధర్మవరంలోనో మంచం పట్టిన అమ్మీకి మందులు ఎవరు ఇస్తారు? రాత్రి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? అన్నదమ్ములో, అక్కచెల్లెళ్ళో ఆ బాధ్యతను సంతోషంగా తీసుకుంటే, వారికి అందవలసిన ఖర్చును ప్రతినెలా తప్పకుండా పంపండి. చూసుకొనేవారు ఎవరూ లేకపోతే ఆ ఉద్యోగాన్ని వదులుకోండి. డబ్బు పంపవచ్చు. చేయిపట్టి నడిపించే చేతిని పంపలేము.

ఇస్తిఖారా ఎప్పుడు? ఎలా?

ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా దైవప్రవక్త (స) తమకు ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఈ పని నా ధర్మానికీ జీవితానికీ అంతిమ ఫలితానికీ మేలైతే సులభం చేయమనీ, కీడైతే నా నుండి మళ్ళించమనీ అల్లాహ్‌ను వేడుకోవాలి. కలలో పచ్చరంగో తెల్లరంగో కనిపించాలని ఆ హదీసులో లేదు. మరొకరితో చేయించుకోవాలనీ లేదు. భర్త చేయాలి, భార్య కూడా చేయాలి. లెక్క వేసి, సలహా తీసుకొని, ఇస్తిఖారా చేయండి. విమానం టిక్కెట్టు కొన్నాక చేసే ఇస్తిఖారా మన మనసును మనమే మోసగించుకోవడం.

గడువు తీరాక

తాత్కాలిక ఉద్యోగంలో పెద్ద ప్రమాదం, "ఇంకొక్క ఏడాది" అనే మాట. ఇల్లు కట్టడానికి ఒక ఏడాది, చెల్లెలి నికాహ్‌కు ఒక ఏడాది. ఇలా రెండేళ్ళు పన్నెండేళ్ళవుతాయి. ప్రయాణం బాధలో ఒక భాగమనీ, పని పూర్తికాగానే ఇంటివారి వద్దకు త్వరపడాలనీ దైవప్రవక్త (స) ప్రవచించారు. అందుకే వెళ్ళే ముందే భార్యాభర్తలు కూర్చొని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎందుకు వెళ్తున్నాం? ఎంత కూడబెట్టాలి? ఏ నెలలో తిరిగి వస్తాం? పొడిగించవలసి వస్తే మళ్ళీ ఇదే మష్వరా, ఇదే ఇస్తిఖారా.

గడువు ముందే తెగిపోవచ్చు కూడా. 1990 ఆగస్టులో కువైట్ మీద దాడి జరిగినప్పుడు లక్షకు పైగా భారతీయులు ఇల్లూ వాకిలీ వదిలి స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఉద్యోగం పోయి, విమానాలు లేక కుటుంబాలు గదుల్లో చిక్కుకుపోయాయి. కనుక తిరుగు టిక్కెట్ల డబ్బు, ఇంటి దగ్గర ఆరు నెలల ఖర్చు విడిగా పెట్టుకోండి. ఇక్కడి ఇంటిని, మగ్గాన్ని, దుకాణాన్ని అమ్ముకొని వెళ్ళకండి. తిరిగి రావలసినవాడు తన గుమ్మాన్ని అమ్ముకోడు.

సోదరులారా! వడ్డీ లేకుండా వెళ్ళగలిగితే, పని హలాల్ అయితే, ఒప్పందం రాతలో ఉంటే, భార్య మనస్ఫూర్తిగా సరేనంటే, తల్లిదండ్రులకు ఆసరా ఉంటే అల్లాహ్ పేరుతో బయలుదేరండి. సంప్రదించి నిర్ణయించుకున్నాక అల్లాహ్ మీద భారం వేయమని ఆయనే (3:159) ఆదేశించాడు. వీటిలో ఏది లోపించినా ఆగండి. ఆగినందువల్ల ఉపాధి తగ్గిపోదు. ఉపాధి ప్రదాత రియాద్‌లోనూ హిందూపురంలోనూ ఒక్కడే.

ఓ అల్లాహ్! మా సోదరులకు హలాల్ ఉపాధిని ప్రసాదించు. దూరంగా ఉన్నవారిని క్షేమంగా వారి ఇంటివారి మధ్యకు చేర్చు. మా ఇళ్ళను విడిపోకుండా కాపాడు. ఆమీన్.