మురుగులోంచి వచ్చిన మంట మైలదేనా?

2020 నవంబరు 20న తుంగభద్రకు పుష్కరాలు మొదలయ్యాయి. కర్నూలులోని సంకల్‌బాగ్ ఘాటు దగ్గరా మంత్రాలయంలోనూ పూజలు జరిగాయి. కరోనా కాలం కావడంతో నదిలో మునకలపై ఆంక్షలు పెట్టారు. ఊరి మురుగును మోసుకుని హంద్రీ వచ్చి కలిసేది ఆ నదిలోనే. కడపలో బుగ్గవంకదీ పెన్నదీ అదే కథ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించిన కలుషిత నదుల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఐదు పేర్లున్నాయి. తుంగభద్ర, నంద్యాల మీదుగా పారే కుందూ అందులోవే. గోదావరికి వరద ఉంటుంది, ఎంతో కొంత కడుక్కుపోతుంది. రాయలసీమ ఏర్లకు ఏడాదిలో చాలా నెలలు ఆ భాగ్యం లేదు.

చేతులెత్తి మొక్కే నీళ్లలోకి మురుగు వదిలినప్పుడు అడ్డుచెప్పని మనసు, అదే మురుగును మూసిన తొట్టిలో పులియబెట్టి తీసిన గ్యాసు మీద అన్నం వండుదామంటే వెనకాడుతుంది. మైల అంటే ఏమిటి? దేనికి అంటుతుంది, దేనితో పోతుంది? ఇంజనీర్లు ఎంత మంచి యంత్రం కట్టినా ఈ ప్రశ్న వాళ్ల లెక్కల్లో తేలదు. దీనికి జవాబు చెప్పుకోవాల్సింది మడి కట్టుకునే సమాజమే.

పేడ విషయంలో ఈ పేచీ లేదు. వాకిట్లో కళ్లాపి, ఇంట్లో అలుకు, పొయ్యిలో పిడక, నుదుట విభూతి. అందుకే గోబర్ గ్యాసు పల్లె వంటింట్లోకి సులువుగా వచ్చింది. జష్‌భాయ్ పటేల్ 1950ల మొదట్లో రూపొందించిన నమూనాను ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1960ల్లో ఊరూరా తీసుకెళ్లింది. కానీ ఈ దేశంలో మనిషి మలం నుంచి గ్యాసు తీసింది అంతకు అరవై ఏళ్ల ముందే. 1897లో ముంబైలోని మాటుంగా కుష్ఠు రోగుల ఆశ్రమంలో ఆ గ్యాసుతో దీపాలు వెలిగించారు. ఊరు అప్పటికే వెలివేసిన వాళ్లు ఉండే చోట మొదట ఆ దీపం వెలగడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. అంటరానితనమంతా అనుభవించేసిన వాళ్లకు కొత్తగా అంటుకునే మైల ఏముంటుంది?

తొట్టి లోపల జరిగేది చూస్తే పేడకూ మలానికీ తేడా కనిపించదు. గాలి చొరబడని చోట కొన్ని సూక్ష్మజీవులు బురదను కరిగిస్తాయి, కొన్ని దాన్ని ఆమ్లాలుగా మారుస్తాయి, చివర వచ్చేవి మీథేన్ వదులుతాయి. వచ్చే గ్యాసులో దాదాపు అరవై శాతం మీథేన్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువు. మీథేన్ వదిలే ఆ చివరి జీవులు బాక్టీరియా కూడా కావు. అవి ఆర్కియా అనే వేరే వంశానివని 1977లో కార్ల్ వూస్ తేల్చారు. వాటికి రవ్వంత నికెల్, రవ్వంత కోబాల్టు లేకపోతే పని సాగదు. మీథేన్ తయారుచేసే ఎంజైము నడిబొడ్డున ఉండేది నికెలే.

మురుగు బురదకు ఇంకో లోపముంది. అందులో నత్రజని ఎక్కువ, కార్బన్ తక్కువ. ఒక పాలు నత్రజనికి ఇరవై నుంచి ముప్పై పాళ్లు కార్బన్ ఉంటే సూక్ష్మజీవులకు హాయి. మురుగు బురదలో అది పదికి లోపే. కాబట్టి దానికి ఏదో ఒకటి కలపాలి. కర్నూలు మార్కెట్ యార్డులో ధర పడిపోయిన రోజుల్లో కుళ్లిపోయే ఉల్లిగడ్డలో, పత్తికొండ రైతులు కడుపుమండి రోడ్డున పారబోసే టమాటాలో ఉన్నది ఆ కార్బనే. టమాటాను ఒక్కదాన్నే తొట్టిలో వేస్తే త్వరగా పులిసిపోయి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మురుగులోని అమ్మోనియా ఆ పులుపును అదుపులో పెడుతుంది. ఒకదాని లోటు రెండోది తీరుస్తుంది. కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ దగ్గర గిల్స్ ఆనియన్స్ అనే సంస్థ ఉల్లి వ్యర్థాల రసం నుంచి గ్యాసు తీసి, 2009 నుంచి కరెంటు చేసుకుంది. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) సాంకేతికతతో వచ్చిన ప్లాంటు రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తతో నడిచేలా కట్టినది. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో దాన్ని ప్రస్తావించారు కూడా.

బొగ్గు కలపడం మరో మార్గం. సీమలో వేరుశనగ పొట్టుకు, పత్తికట్టెకు, సర్కారు తుమ్మకు కొదవలేదు. వాటిని గాలి తక్కువగా తగిలేలా కాల్చి, ఆ బొగ్గు పొడిని తొట్టిలో వేస్తే సూక్ష్మజీవులు దాన్ని పట్టుకుని పెరుగుతాయి. ఒక జాతి వదిలిన ఎలక్ట్రాన్లు బొగ్గు గుండా మరో జాతికి అందుతాయని ప్రయోగాల్లో తేలింది. బొగ్గు తనంతట తాను గ్యాసు ఇవ్వదు, ఇచ్చేవాళ్ల మధ్య దూరం తగ్గిస్తుంది. మడి ఇందుకు సరిగ్గా ఎదురు. ఒక్కోదాన్ని దూరం పెట్టి, తాకనివ్వకుండా కాపాడుకోవడం దాని పద్ధతి. ఆ పద్ధతిలో ఉంచితే మురుగు మురుగుగానే మిగిలిపోతుంది, టమాటా కుళ్లుగానే మిగిలిపోతుంది.

కలిపే వస్తువుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇనుము. మురుగులోని గంధకం తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ఇనుప లవణాలు వేస్తే ఆ గంధకం ఇనుముతో కలిసి నల్లటి మడ్డిగా అడుగున ఉండిపోతుంది. గ్యాసు శుభ్రపడుతుంది, ఇంజన్లు తుప్పు పట్టవు. పెద్ద నగరాల మురుగు శుద్ధి కేంద్రాల్లో ఇది ఏనాటి నుంచో ఉన్న అలవాటు.

ఈ హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు దాటితే కొద్ది నిమిషాల్లో ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందనుకుని మనిషి ధైర్యంగా ఇంకో మెట్టు దిగుతాడు. ఐదారు వందలు దాటితే కుప్పకూలుతాడు. పైనున్నవాడు కాపాడబోయి దిగుతాడు, అతనూ పడిపోతాడు. సెప్టిక్ ట్యాంకుల దగ్గర ఇద్దరూ ముగ్గురూ ఒకేసారి చనిపోయారనే వార్తల వెనుక తరచూ ఉండేది ఇదే. ఇనుము వేసినంత మాత్రాన తొట్టిలోకి దిగవచ్చని కాదు. అక్కడ మీథేన్ ఉంటుంది, ప్రాణవాయువు ఉండదు.

మైల ప్రశ్న అడగవలసింది ఇక్కడే. పాకీపని 1993 చట్టంతో నిషేధమైంది, 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. సీమకు ఆనుకునే ఉన్న కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, తన వాళ్లు పొడి దొడ్లు ఎత్తడం చూసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ ఉద్యమం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పదార్థానికి అంటగట్టిన మైలను, దాన్ని ఎత్తే మనిషికి అంటగట్టి, తరతరాలుగా అక్కడే ఉంచేశారు. మతం పేరుతో జరిగిన తప్పుల్లో దీనికి సాటివి ఎక్కువ లేవు.

కడప జిల్లా నేలకు దీనికి ఎదురు చెప్పిన మాట ఒకటి తెలుసు. నేటి బ్రహ్మంగారి మఠంలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేసుకున్నారు, మాదిగ కక్కయ్యనూ చేరదీశారు. దేహంలోని చక్రాల్లో దేవతలున్నారని స్వామి సిద్దయ్యకు చెబుతుంటే చాటుగా విన్న కక్కయ్య, ఇంటికి పోయి భార్య దేహాన్ని కోసి వెతికాడనీ, నెత్తురూ మాంసమూ తప్ప ఏమీ దొరకలేదనీ, స్వామి ఆమెను మళ్లీ బతికించారనీ కథ. కంటికి కనిపించనిదాన్ని కత్తితో వెతకొద్దన్నదే ఆ కథ నీతిగా చెబుతారు. అయితే ఆ బోధలో మొదటి చక్రం మూలాధారం. దేహం మలం వదిలే చోటికి దగ్గర్లోనే అది ఉంటుంది, అక్కడ కొలువున్నది విఘ్నేశ్వరుడు. తొలి పూజ అందుకునే దేవుడికి అక్కడ కూర్చోవడానికి అభ్యంతరం లేనప్పుడు, మురుగు గ్యాసు మంట మీద నైవేద్యం వండడానికి ఏ అభ్యంతరం నిలుస్తుంది? ఒక్కటే నిలుస్తుంది: ఆ తొట్టిని కడగడానికి మనిషిని దించారా అన్నది. దించి ఉంటే ఆ మంట మైలదే, కలిపింది ఇనుమైనా బొగ్గైనా.

కర్నూలు, కడప కార్పొరేషన్లు రేపు అలాంటి తొట్టి కడితే ఎంత గ్యాసు వస్తుందని, ఎన్ని యూనిట్ల కరెంటని టెండరు పత్రం అడుగుతుంది. బురద తోడే పంపులు, పైనుంచే కడిగే గొట్టాలు, గ్యాసు కొలిచే మీటర్లు, పక్కా జీతమున్న ఆపరేటర్లు కూడా అదే పత్రంలో, అదే పేజీలో ఉండాలి. కాంట్రాక్టరు లెక్క తగ్గించుకోవడానికి మొదట కొట్టేసేవి ఇవే కాబట్టి.