పదవీత్యాగము

ముప్పదియేండ్లు నిండకమునుపే మంత్రియైన వానిని లోకము అదృష్టవంతుడనును. ఆ పదవిని అతడెట్లు విడిచెనని అడుగువారు అరుదు. ఎక్కుటయందు కులము, ధనము, కాలము, పెద్దల యాదరణ తోడ్పడును. దిగునపుడు తోడువచ్చునది తన స్వభావమొక్కటియే. కావున యువకుని రాజకీయ జీవితమును తూచుటకు అతడు దిగిన మెట్లనే ముందుగా చూడవలెనని నా తలంపు. మా మనుబోలు మీదుగా పోవు జాతీయరహదారి ప్రక్కన యువనాయకుల జన్మదినములకు కట్టు ఫ్లెక్సీలను చూచినపుడెల్ల ఈ యోచనయే కలుగుచుండును.

మా నెల్లూరుజిల్లా బుచ్చిరెడ్డిపాళెమున 1907 ఆగస్టులో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారి చరిత్రము ఈ విచారమునకు మిక్కిలి తగినది. ఆయన శాంతినికేతనమున రవీంద్రుని నీడలో చదివి, స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు పోయి, 1937 జులైలో నాటి చెన్నరాజధానిలో రాజాజీ మంత్రివర్గమున స్థానికపరిపాలన మంత్రియైరి. అప్పటికి ముప్పది నిండుటకు ఇంకను కొలదిదినములున్నవి. జిల్లాబోర్డులు, పురపాలకసంఘములు ఆ శాఖక్రిందివే. అచ్చటి నెరసిన తలలెన్నియో ఈ యువకుని సంతకమునకై వేచియుండవలసివచ్చె ననుకొన్న నాకు కొంత నవ్వు వచ్చును.

మనదేశమును అడుగకయే వైస్రాయి యుద్ధమున దించగా, 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. ఆయనయు దిగిరి. ఇది త్యాగమా? పదిమందితో కలిసి, సంఘాజ్ఞకు లోబడి విడిచినదానిని విధేయత యనవలెను గాని త్యాగమనరాదని కొంద రందురు. ఈ యాక్షేపము బలమైనదే. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున త్యాగమును మూడువిధములుగా విభజించిరి. కాయక్లేశమునకు భయపడి విడిచినది రాజసమట, మోహముచే విడిచినది తామసమట. విడుచుటయను క్రియ ఒక్కటియే, మనస్సు వేరు.

ఈ చిక్కు ఇంతకంటె స్పష్టముగా 1956లో కనబడును. గోపాలరెడ్డిగారు 1955 మార్చిలో ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. నీలం సంజీవరెడ్డిగారు ఆయనక్రింద ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడగా సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. గోపాలరెడ్డిగారు ఆయనక్రింద మంత్రిగా కూర్చుండిరి. నిన్నటి సహాయుని సభలో నేడు తాను సహాయుడగుట! దీనిని వినయమనవచ్చును. చిన్నపీటనైనను వదలనొల్లని యాశయనియు అనవచ్చును. ఇట ఆజ్ఞాపించువారు లేరు, నిర్బంధమును లేదు. కావుననే నిర్ణయము కష్టము.

ఆ పీట తొలగినపుడు ఆ మనుష్యునికి ఏమి మిగులునో చూడవలెనని నేననుకొందును. 1963లో కామరాజు ప్రణాళికననుసరించి ఆయన కేంద్రమున సమాచార, ప్రసారశాఖను విడిచిరి. అంతకుమున్నే ఆయనకు వేరొక వ్యాపకము కలదు. వంగభాషనుండి రవీంద్రుని కృతులను తెనిగించిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి అధ్యక్షులుగా నుండిరి. అధ్యక్షపదవిని ఒకరియ్యగలరు, ఒకరు తీసికొనగలరు. వంగపద్యమొకటి ముందుంచుకొని దానికి తగిన తెలుగుమాట వెదకు పూటను మాత్రము ఏ ముఖ్యమంత్రియు ఇయ్యలేడు, తీసికొనలేడు. పదవిని పోగొట్టుకొని ఊరిలో తిరుగలేక తలుపులు మూసికొను నాయకులకు ఇట్టి పూట ఒకటైనను లేకపోవుటయే కష్టమని నాకు తోచుచున్నది. రాజకీయములకు పోవు కుమారునికి తల్లిదండ్రులు ధనము సమకూర్చుదురు, అనుచరులను సమకూర్చుదురు. ఈ రెండవపని నేర్పువారు మాత్రము కనబడరు.

ఇక నొక మాట చెప్పక తప్పదు. గోపాలరెడ్డిగారిది కలిగిన కుటుంబము. ఉన్నవానికి విడుచుట సులభమని పేదవాడు అన్నచో వానిని మనము తప్పుపట్టలేము. ఆ 1937 మంత్రివర్గముననే టంగుటూరి ప్రకాశంపంతులుగారు రెవెన్యూమంత్రి. బారిస్టరుగా ఆర్జించిన వేలకువేలు 1921లో స్థాపించిన స్వరాజ్య పత్రికకు ధారపోసినవారు. 1939లో ఇరువురును ఒకే మంత్రివర్గమునుండి దిగిరి. చరిత్రపుస్తకములలో ఆ రాజీనామా ఒక్కపంక్తిలో ముగియును. ఆ పంక్తి బాలురచే చదివించునపుడు నేను కొంత నిలిచి, ఇరువురును ఆ దినమున ఎట్టి యింటికి తిరిగిపోయిరో వారిని ఆలోచింపుమందును.