లయ అందరిదీ, ఋణం ఎవరిది?

ఒక జాతి సృజించిన కళను ఆనందంగా స్వీకరిస్తూ, ఆ జాతిని మాత్రం గడప అవతలనే నిలబెట్టే సమాజాన్ని రసజ్ఞ సమాజం అనవచ్చునా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికాలోని రాగ్‌టైమ్ యుగం చక్కని ఉదాహరణ.

రాగ్‌టైమ్ ప్రధానంగా పియానో సంగీతం. 19వ శతాబ్ది చివరి దశకంలో నల్లజాతి కళాకారుల చేతుల్లో రూపుదిద్దుకొన్నది. వాదకుని ఎడమచేయి కవాతు బాణీలా నిలకడగా తాళం నడుపుతుంటే, కుడిచేయి ఆ దెబ్బలకు ముందో వెనుకో ఊనికలు వేస్తూ పోతుంది. అతీత, అనాగత గ్రహాలను ఎరిగిన మన సంగీతజ్ఞులకు ఈ రుచి పూర్తిగా అపరిచితం కాదు. స్కాట్ జాప్లిన్ రచన 'మేపుల్ లీఫ్ రాగ్' 1899లో వెలువడింది. అంతకు మూడేండ్ల ముందే, 1896లో, నల్లవారిని వేరు రైలుపెట్టెలో కూర్చోబెట్టే చట్టం రాజ్యాంగబద్ధమేనని ఆ దేశపు సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తీర్పు చెప్పింది.

ఈ లయ నాట్యశాలలను మార్చివేసింది. వాల్ట్జ్ నృత్యపు మర్యాదల స్థానంలో 1910 ప్రాంతాన టర్కీ ట్రాట్, గ్రిజ్లీ బేర్ వంటి నృత్యాలు వచ్చాయి. దెబ్బకొక అడుగు వేయగలిగితే చాలు, గురుశిక్షణ లేనివారు సైతం ఆడగలిగారు. జంటలు దగ్గరగా ఆడడం చూసి నీతివాదులు కలవరపడ్డారు. రాగ్‌టైమ్‌ను నిరసిస్తూ అమెరికన్ సంగీత విద్వాంసుల సమాఖ్య 1901లోనే తీర్మానించింది. తరువాత వెర్నన్, ఐరీన్ కాసిల్ దంపతులు భుజాలు, నడుము ఊపరాదని నియమాలు పెట్టి ఆ నృత్యాలను సంపన్నుల అభిరుచికి అనువుగా మలిచారు. వారికి వాద్యం సమకూర్చినది జేమ్స్ రీస్ యూరప్ నాయకత్వంలోని నల్లజాతి బృందం. 1914లో ఫాక్స్‌ట్రాట్ ప్రచారంలోకి వచ్చిన కాలమది. వాద్యకారులుగా ప్రవేశం లభించిన చోట్ల అతిథులుగా ప్రవేశం వారికి సాధారణంగా లభించేది కాదు.

కళకు సరిహద్దులు లేవు గనుక ఇందులో దోషమేమున్నదని కొందరు వాదించవచ్చు. ఆ వాదంలో కొంత సత్యమున్నది. రాగ్‌టైమ్ సైతం ఐరోపా కవాతు బాణీలనుండి చాలా గ్రహించింది. దానికి ముందటి కేక్‌వాక్ నృత్యంలో బానిసలు యజమానుల డాంబికాన్ని అనుకరించి పరిహసించేవారు. కాని ఆ రెండు స్వీకరణలూ ఒకటి కావు. బానిస యజమాని నడకను అనుకరించినంత మాత్రాన యజమాని హక్కులేవీ తగ్గలేదు. యజమాని సంతతి ఆ లయను గ్రహించి వినోదించిన వేళ, సృష్టికర్తకు దక్కవలసిన గౌరవం తగ్గిపోయింది. నీతివాదుల దృష్టి జంటల మధ్య దూరంపైనే నిలిచింది. వాద్యకారునికీ అతిథికీ నడుమనున్న దూరం వారికి అనీతిగా తోచలేదు.

'మేపుల్ లీఫ్ రాగ్' ప్రతికి ఒక సెంటు చొప్పున జాప్లిన్‌కు రాయల్టీ లభించింది. రచనలను ఏకమొత్తానికి కొనివేయడం పరిపాటియైన ఆ రోజుల్లో ప్రచురణకర్త జాన్ స్టార్క్ చేసినది ధర్మమే. అయినా, జాప్లిన్ 1911లో స్వయంగా ప్రచురించుకొన్న 'ట్రీమొనీషా' సంగీత నాటకాన్ని పూర్తిస్థాయిలో రంగస్థలంపై చూడకుండానే 1917లో కన్నుమూశాడు. 1974 వరకు ఆయన సమాధిపై పేరైనా లేదు. పులిట్జర్ ప్రత్యేక పురస్కారం 1976లో వచ్చింది.

స్వీకరణ లేనిదే సంస్కృతి వర్ధిల్లదు. అయితే స్వీకరణ ఋణాన్ని సృష్టిస్తుంది. కళాకారుడు జీవించియుండగా అతనికి సమానస్థానం ఇవ్వడమే ఆ ఋణం తీర్చే మార్గం. మరణానంతర పురస్కారం ఆ ఋణాన్ని అంగీకరిస్తుందే గాని తీర్చదు.