ఒంటిమిట్ట పక్షాన ఎవరు రాస్తరు?

"పిల్లలకు వాదించుడు నేర్పుతున్నవా, గెలుసుడు నేర్పుతున్నవా?" అని అడిగారు సార్.

నాకు ఇంటర్‌లో తెలుగు చెప్పిన మనిషి. రిటైరై పాలకుర్తి దగ్గర సొంతూళ్లో ఉంటున్నారు. నేనిప్పుడు ఒక బాలికల గురుకులంలో అదే సెకండియర్‌కు అదే తెలుగు చెబుతున్నాను. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాల ఆడపిల్లలూ మా హాస్టల్లో ఉంటారు. వాళ్ల చేత రాయించిన వ్యాసాలు సంచిలో వేసుకుని వెళ్లాను. అంశం: పోతన బమ్మెరవాడా, ఒంటిమిట్టవాడా?

"రెండూ ఒకటే కద సార్. ఎవరైనా గెలిచేందుకే వాదిస్తరు" అన్నాను.

"ఒకటే అయితే న్యాయసూత్రాలల్ల మూడు పేర్లెందుకున్నయ్? నిజం తేల్చుకుందామని ఇద్దరు కూసుంటే అది వాదం. గెలుపే కావాల్నంటే జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండ ఎదుటోనిది కూలగొట్టుడే పనైతే వితండం. మన వక్తృత్వ పోటీలన్ని జల్పమే బిడ్డా. షీల్డు ఇచ్చేది కూడ దానికే."

కాగితాలు తిరగేశారు. జనగామ పిల్లల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా ఒంటిమిట్ట అనలేదు. అంటారని నేనూ అనుకోలేదు. బమ్మెర వాళ్ల జిల్లాలోదే. ఆ ఊళ్లో పోతన సమాధి ఇదేనని, ఆయన దున్నిన చెలక ఇదేనని ఇప్పటికీ చూపిస్తారు.

"గిది వ్యాసం కాదు, ఊరేగింపు" అన్నారు సార్.

"అందుకే రెండోసారి సగం క్లాసును ఒంటిమిట్ట పక్షాన రాయమన్న. పాలకుర్తి పిల్ల ఒకామె లేచి, మా ఊరాయనను నేనే వేరేటోళ్లకు రాసియ్యాల్నా మేడమ్ అని అడిగింది. నమ్మని మాట రాయించుడు అబద్ధం నేర్పినట్టు కాదా సార్?"

"ఆ పిల్ల ఏం రాసింది? ముందు అది చెప్పు."

రాసింది, బాగానే రాసింది. పోతన భాగవతం మొదట్లో తన సంగతి తానే చెప్పుకున్నాడు: చంద్రగ్రహణం నాడు గంగలో స్నానం చేశాననీ, అక్కడ రాముడు కనిపించాడనీ, తర్వాత ఏకశిలానగరానికి వచ్చాననీ. పోట్లాటంతా ఆ నగరం పేరు మీదే. ఒంటిమిట్ట కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులను ఒకే శిలలో చెక్కారని ప్రతీతి. భాగవతాన్ని పోతన రాముడికే అంకితమిచ్చాడు. ఏకశిల అంటే మా ఊరేనని వాళ్లంటే కాదనడం అంత సులువు కాదని ఆ పిల్ల ఒప్పుకుంది. ఒప్పుకున్నాకే మొదటి వ్యాసానికి తిరిగి వచ్చింది. ఈసారి "మా పోతన" అన్న మాట మానేసి, ఓరుగల్లును సంస్కృత గ్రంథాల్లో ఏకశిలానగరమనే పిలిచారని పట్టుకుంది. భోగినీ దండకాన్నీ తెచ్చింది. అందులోని సర్వజ్ఞ సింగభూపాలుడు రాచకొండ ఏలిన రేచర్ల ప్రభువు, ఇక్కడి రాజు. ఆ దండకం అసలు పోతనదేనా అని అనుమానించిన పండితులున్నారన్న సంగతి కూడా తనే కింద రాసి పెట్టింది.

"తన సాక్షి మీద తనే అనుమానం రాసుకున్నదా?" సార్ అక్కడ ఆగారు. "అయితే ఆమె అబద్ధం నేర్వలే. మనోళ్లు పూర్వపక్షం అన్నది గదే. సిద్ధాంతం చెప్పేముందు ఎదుటోని మాటను వాడే విని, నేను చెప్పదలుచుకున్నది గిదే అనేటట్టు చెప్పాలె. శంకరుని భాష్యం చదివినా, ఎవల భాష్యం చదివినా ముందుగాల వినపడేది ఎదుటోని గొంతే."

"కని బమ్మెర ముసలోళ్లు చెప్పే మాట సంగతేంది? మా తాతకు వాళ్ల తాత చెప్పిండంటరు. అది సాక్ష్యమా కాదా?"

"మానుకోట పిల్లలను అడుగు" అన్నారు.

అడగక్కర్లేదు. కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు కోయ, లంబాడ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు సాక్ష్యమంటే ఏమిటో నాకన్నా ముందే తెలుసు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు భూమికి హక్కు పత్రం కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి తమ స్వాధీనంలో ఉందని చూపించాలి. కాగితం లేనివాళ్ల కోసం నిబంధనల్లో ఒక దారి పెట్టారు: దరఖాస్తుదారు కాని పెద్దమనుషులు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. అయితే గ్రామసభ తేల్చేటప్పుడు ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలి. ముసలాయన మాటకు తోడు పాత బావో, సమాధో, గట్టో కావాలి. తాత కోసం అలాంటి వాంగ్మూలం రాసిపెట్టిన పిల్ల మా క్లాసులోనే ఉంది. "మా తాత ఎప్పటి నుంచో దున్నుతున్నాడు" అని మొదలుపెట్టిందట. పక్కింటి ముసలమ్మ వినిపించుకుని, "ఎప్పటి నుంచో అంటే ఎవడు నమ్ముతడే? నీ పెద్దత్త పుట్టిన ఏడు చెట్లు నరికిన్రు, గది రాయి" అన్నదట. వ్యాసరచన మీద నేను ఏడాది పొడుగునా చెప్పింది ఆ ముసలమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

"గీ తెలివి తాత భూమి కాడ ఉన్నది, పద్యం కాడికొస్తే ఎటు పోతది?" అన్నారు సార్.

ఎటు పోతుందో ఇద్దరికీ తెలుసు. గైడులోకి పోతుంది. సందర్భ సహిత వ్యాఖ్య అనగానే కవి పరిచయం, సందర్భం, భావం అని మూడు గళ్లు, మూడింటికీ కంఠస్థం చేసిన వాక్యాలు. చివర్న "కవి అత్యద్భుతంగా వర్ణించాడు." పేపర్లు దిద్దేటప్పుడు ఈ వాక్యం కనిపిస్తే నాకు నిద్ర ముంచుకొస్తుంది.

"నేనైతే అద్భుతం అన్న మాటకు అర మార్కు కోస్త" అన్నారాయన. "అద్భుతమని చెప్పకు, ఏడ ఉన్నదో చూపియ్యి."

గజేంద్రమోక్షంలో చూపించడానికి కావలసినంత ఉంది. విష్ణువు ఏనుగును కాపాడటానికి బయల్దేరే పద్యాన్ని పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అందులో ఆయన చేసిన పనులకంటే చేయని పనులే ఎక్కువని ఎందరు గమనించారు? లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు. తొందర పడ్డాడన్న మాట పోతన అనడు. వదిలేసినవి ఒక్కొక్కటే చెబుతూ పోతాడు, తొందర మనకే తెలుస్తుంది. ఇది చెప్పాక భూపాలపల్లి పిల్ల ఒకామె అడిగింది: "అన్నీ ఇడిసిపెట్టి పోయినోడు ఆమె కొంగెందుకు ఇడువలే మేడమ్?" నిజమే. చేయనివాటి వరసలో అదీ ఉంది, పట్టుకున్న పైటకొంగును కూడా వదల్లేదని. ఆయన పరుగుకు వెనక ఈడ్చుకుపోబడుతున్న మనిషి ఎవరని ఆ పిల్ల ప్రశ్న. తర్వాతి పద్యాల్లో లక్ష్మి అవస్థను పోతనే వర్ణించాడు కాబట్టి ఆ ప్రశ్నకు పాఠంలోనే ఆధారముంది.

"కీల దానికి మార్కుల్లేవు సార్."

"కీ రాసేటోళ్లు కూడ గైడు చదువుకున్నోళ్లే గద" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ కీ పట్టుకుని దిద్దేది నేను.

ఒప్పించే రచనకు ఆయన ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ ఒకటే: గోలకొండ కవుల సంచిక. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ముడుంబ రాఘవాచార్యులు రాస్తే, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి ఊరూరా కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి 1934లో సంచిక వేశారు. మొత్తం 354 మంది కవులు.

"తిడుతూ సంపాదకీయం రాయలేడా ఆయన? కోపం లేదా? ఉన్నది. కోపమంతా పేర్లయింది. ఎదుటోనికి ఇంక మాట్లాడ సందు లేదు."

"అన్ని వాదాలకూ అది కుదురుతదా సార్?" ఈ ప్రశ్న చాలాకాలంగా నాలో ఉంది. "1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చిన్రు. ఆ తెల్లారి రాసేటోడు దొరల పక్షం ఏందో ముందు న్యాయంగ చెప్పి, తర్వాత తన మాట చెప్పాల్నా? చిన్నగూడూరు దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతోని పద్యం రాసిండు. అండ్ల పూర్వపక్షం ఏడున్నది?"

సార్ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "ఆయన తమ్ముడు కూడ అదే ఊరోడు గద" అన్నారు.

రంగాచార్య. ఆయన నవల 'చిల్లర దేవుళ్లు' దొర ఉండే గడి లోపలికి వెళ్తుంది. పాట నేర్పుకుని బతుకుదామని బయటి నుంచి వచ్చిన సారంగపాణి కళ్లతో ఆ దొరతనాన్ని చూపిస్తుంది. దొర కూతురు మంజరి మనసూ, ఆడబాపగా, అంటే గడి దాసిగా బతికే వనజ బతుకూ అందులోనే. అన్న పద్యంలో నిప్పు పెట్టాడు, తమ్ముడు ఆ ఇంటి తలుపులన్నీ తీసి చూపించాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువమందిని ఒప్పించారని సార్‌ను అడిగితే, ఎవరిని ఒప్పించాలనుకున్నారో ముందు చూడమన్నారు. జైల్లో పక్కవాడికి ధైర్యం చెప్పే పద్యం వేరు, గడీలు కూలిపోయాక పుట్టినవాడికి గడి అంటే ఏమిటో చెప్పే నవల వేరు. ఇది సగం జవాబే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దెబ్బ తగిలినవాడి మీద పూర్వపక్షం బరువు కూడా మోపడం న్యాయమా అన్నది అలాగే మిగిలిపోయింది.

అయినా ఆ బరువును అడక్కుండానే ఎత్తుకునే పిల్లలున్నారు. సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణికి ఇవ్వడానికి అర్జీ రాయమన్నప్పుడు, భూపాలపల్లి పక్క ఊరి పిల్ల బడి ముందు నుంచి పోయే బొగ్గు లారీల మీద రాసింది. మొదటి గంట కొట్టినప్పటి నుంచి ప్రార్థన అయ్యేలోపు ఎన్ని పోయాయో లెక్కపెట్టుకుంది. అర్జీ మొదట్లోనే, "మా నాన్న ఆ లారీ మీదనే క్లీనరు, బొగ్గు పోకపోతే మా ఇల్లు నడవదు, లారీలు ఆపమని అడుగుట లేదు" అని రాసి, బడి మొదలయ్యే, విడిచే వేళల్లో మాత్రం వేరే దారిన పంపమంది.

సార్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. "గీ పిల్లకు పూర్వపక్షం అన్న ముక్క చెప్పినవా?"

"చెప్పలే."

"చెప్పకు."

లేచి వచ్చేముందు, వచ్చే ఏడాది మానుకోట పిల్లలకు ఏం అంశం ఇవ్వాలని అడిగాను. బయ్యారం ఉక్కు ఇవ్వమన్నారు. అది ఇదివరకే ఇచ్చాను. చట్టంలో ఉంది కాబట్టి ఫ్యాక్టరీ కట్టాల్సిందేనని అందరూ రాశారు. అప్పుడు 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలును బోర్డు మీద రాసి, పద్యం చదివినట్టు మాట మాటా చదివించాను. ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమా కాదా అన్నది సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. బయ్యారం అప్పట్లో ఖమ్మం జిల్లానే. కట్టాలని మాత్రం ఎక్కడా లేదు. ఇక్కడి ఖనిజంలో ఇనుము శాతం తక్కువన్న అవతలి వాదం కూడా చెప్పాను. క్లాసు మూగబోయింది.

"వాళ్ల వాదాన్ని నేనే పడగొట్టిన సార్. ఉపాధి కోసం ఎదురుచూసే ఇండ్ల పిల్లలు. చెప్పకపోతే ఏమయ్యేది?"

"తర్వాతేమన్నరు?"

"వెనక బెంచీల గార్ల పిల్ల ఒకామె లేచింది. కట్టమని లేదు సరే, పరిశీలించమని ఉన్నది గద మేడమ్, ఆ పరిశీలించిన రిపోర్టు చూపియ్యమని రాద్దామా అన్నది."

"రాసిన్రా?"

"సమాచార హక్కు దరఖాస్తు సార్. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ ఎవరి పేరున తియ్యాలెనో తెలువక రెండు రోజులు ఆగినం."